నిద్రపోని వైరు

ధర్మవరంలో నేతగాళ్ల ఇళ్లలో పొద్దున లేవగానే మొదట చేసే పని మొహం కడుక్కోవడం కాదు, పక్షుల్ని చూసుకోవడం. నరసక్కా అంతే. మంచం దిగి, మోకాళ్లు రెండూ ఒకసారి రుద్దుకుని, మగ్గం దగ్గరికి పోయి, నేసినంత మేరా చీర మీద వేలు ఆనించి చూసుకుంటుంది. రాత్రి వదిలినచోటే ఉన్నాయా లేదా? ఉంటే, మగ్గం మీద వేలాడే చిన్న బల్బుకు ఒక దండం పెట్టి పొయ్యి కాడికి పోతుంది.

ఆ బల్బు తెల్లవార్లూ వెలగాల్సిందే. జరీతో నేసిన పక్షి వెలుగున్నంతసేపూ తనను కూర్చోబెట్టినచోట బుద్ధిగా కూర్చుంటుంది. చీకటి పడిందా, లేచిపోయి దగ్గర్లో ఏ బోసి గుడ్డ ఉంటే దాని మీద వాలుతుంది. కరెంటు పోయిన రాత్రి నూనె దీపం పెట్టి ఎవరో ఒకరు కూర్చుంటారు. నేత ఇంట్లో దీపాన్ని చేత్తో ఆర్పడమనేది నరసక్క బుద్ధెరిగిన కాడి నుంచీ చూడలేదు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో వానగాలికి దీపం కొండెక్కి, తెల్లారేసరికి నెమలి వచ్చి మామగారి తలగుడ్డ మీద కూర్చుంది. ఆయన కన్నుమూసేదాకా ఆ తలగుడ్డే చుట్టుకున్నాడు. వాలిన పక్షిని తోలకూడదు కదా.

నేసిన చీరలు హిందూపురం చేర్చడం ఇంకో పని. మునుపు బస్సులో పోయేవాళ్లు. కిటికీ పక్కన సీటు, ఒళ్లో మూట, మూట మూతి తెరిచి వెలుగుకు పెట్టుకోవడం. పొద్దు గుంకితే టార్చి. పక్కనున్నవాళ్లు "కొంచెం ఇట్ల కూడా కొట్టమ్మా, పడిపోయిన చిల్లర వెతుక్కుంటా" అని ఆ టార్చి వెలుగును వాడుకునేవాళ్లు. ఇప్పుడు మనవరాలు సాయిసుధ ఒక పాత కారు కొనింది. ఆ పిల్లకు నేత అబ్బలేదు, డ్రైవింగ్ అబ్బింది. కొంగు మీద చిలకను నేయమంటే కాకిని నేస్తుంది గానీ, ఎద్దులబండికీ లారీకీ మధ్య ఉన్న సందులో కారును దారం మాదిరి దూరుస్తుంది.

చిక్కంతా డిక్కీతో వచ్చింది. పట్టుకు ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి చీరల్ని డిక్కీలో పెట్టింది సాయిసుధ. మూత వేస్తే డిక్కీలో పట్టపగలే చీకటి. హిందూపురంలో గోవిందరాజులు అంగడి ముందర మూత తెరిస్తే చీరలన్నీ బోసి. కింద పరిచిన పాత దుప్పటి మీద మాత్రం బంగారు చిలకలు బారులు తీరి కూర్చున్నాయి.

"ఏమమ్మా సాయిసుధా, నన్ను చీరలమ్ముకోమంటావా, దుప్పట్లమ్ముకోమంటావా?" అన్నాడు గోవిందరాజులు.

రెండోసారి చీరల మధ్య టార్చి పెట్టింది. గతుకుల్లో అది దొర్లి ఆరిపోయింది. ఈసారి గోవిందరాజులు నవ్వలేదు. మంచివాడే. చేనేత చీర కొనే అంగళ్లు తగ్గిపోతున్నా, నరసక్క మగ్గం మీది చీరల్ని ఇంతకాలం కాదనకుండా తీసుకున్నది ఆయనొక్కడే. "ఒక పెండ్లికి హంసల జంట చీర అడిగినారు. నీ చేతి హంసలే కావాలన్నారని అవ్వకు చెప్పు. ఈసారి కూడా పక్షులు దారి తప్పితే, తప్పుగా అనుకోవద్దండి, ఇంక నాకు చీరలు తేవద్దండి" అన్నాడు.

అంటే మగ్గం దించేయాల్సిందే. మగ్గం గుంత పూడ్చి గదిని బాడుగకిస్తారా అని వీధి చివర సామాన్ల అంగడాయన అప్పుడే ఒకసారి వచ్చి అడిగిపోయాడు. నరసక్క ఆయనకు మజ్జిగిచ్చి పంపింది. ఆయన పోయాక తన చేతులకేసి చూసుకుంది. మగ్గం లేకపోతే ఈ రెండింటినీ పగలంతా ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

హంసల చీర మగ్గం దిగిన రోజున నరసక్క తానూ వస్తానని కారెక్కింది. దారిలో పెనుకొండలో ఆగి, ఉలిగప్ప దగ్గర డిక్కీకి లైటు వేయించుకుని, అట్నుంచి అటే హిందూపురం పోవాలని వాళ్ల ఆలోచన.

ఉలిగప్ప బండ్ల కరెంటు పని చేస్తాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందర విప్పిపెట్టిన లారీ హారన్లు. మనిషి లావు, మాట ఇంకా లావు.

"అన్నా, డిక్కీలో ఒక లైటు పెట్టాల. బండి ఆపినా, తాళం తీసినా, మూత మూసినా ఆరకూడదు" అంది సాయిసుధ.

"దానికేముండాది పాపా! డైరెక్టు వైరు ఒగటి పట్టుకుంటే సాలు."

"డైరెక్టు వైరంటే ఏందప్పా?" అని అడిగింది నరసక్క.

"అవ్వా, బండిలో వైర్లు రెండు రకాలు. ఒగటి తాళం తిప్పితేనే కరెంటిచ్చేది. అది కూలికి వచ్చేటోని మాదిరి, పిలిస్తేనే వస్తాడు. ఇంగొగటి తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటుండేది. అది పెండ్లాం మాదిరి, పిలిచినా పిలవకపోయినా ఇంట్లోనే ఉంటాది."

"మీ ఆమె పుట్టింటికి పోయి నెలాయనని మొన్న నువ్వే చెప్తివి గదన్నా?" అంది సాయిసుధ.

"అందుకే గదా పాపా, ఇంట్లో చీకటి" అని పకపకా నవ్వి, టెస్టు బల్బు తీసుకుని కారులో దూరాడు.

టెస్టు బల్బు అంటే వేలెడంత పిడి. అందులో చిన్న దీపం, ముందర సూది, వెనక ఒక తీగ. తీగ కొసను బండి ఇనుముకు తగిలించి, సూదిని వైరుకు గుచ్చితే, అందులో కరెంటుంటే దీపం వెలుగుతుంది. ఉలిగప్ప ఒక పక్క అట్ట ఊడదీయగానే నరసక్క ముందుకు వంగి చూసి నోరు తెరిచింది. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా, ఒకదాని పక్కన ఒకటి. "అబ్బ! బండి కడుపులో కూడా మగ్గం పడుగుండాదే!" అంది.

కారు పైకప్పు దీపానికి పోయే వైరు పట్టుకున్నాడు ఉలిగప్ప. తాళం తీసి నరసక్క చేతిలో పెట్టి, "నీ చేతిలోనే పెట్టుకోవ్వా, మళ్లీ నేను మాయ జేసినానంటారు" అని సూది గుచ్చాడు. దీపం వెలిగింది. దాన్నుంచి తీగ లాగి, డిక్కీలో తెల్లటి పట్టీ లైటు అతికించాడు. చీరలు పగటిపూట మాదిరి మెరిశాయి. కొంగు మీద హంసల జంట, మెడలు ఒకదానివైపు ఒకటి వంచుకుని. పక్కన రెండు మామూలు చీరల మీద చిలకలు.

"నా చేతి పనికి తిరుగుండదు. పోయి ఉగ్గాని తినొద్దాం పాండి, ఈలోపల తేలిపోతాది" అని మూత వేశాడు.

ముగ్గురూ ఎదురు హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నారు. ఉలిగప్ప రెండో ప్లేటు కూడా తిన్నాడు. తిరిగొచ్చి మూత తీస్తే లోపల చీకటి.

చిలకలు పోయాయి. ఉలిగప్ప చేతులు తుడుచుకుని డిక్కీలో మరిచిపోయిన తువాలు మీద, గ్రీజు మరకల మధ్య, గుంపుగా కూర్చుని ఉన్నాయి.

"హంసలో?" అంది సాయిసుధ.

హంస బరువైన పక్షి. చిలక మాదిరి చప్పున లేవలేదు. రెండూ చీర మీదే ఉన్నాయి గానీ, అందులో ఒకటి అప్పటికే మెడను అంచు దాటించి, ఒక రెక్కను సగం విప్పింది. వెలుగు పడగానే అలాగే ఆగిపోయింది. నరసక్క గబుక్కున చీరను ఎండవైపు తిప్పి, హంస వీపు మీద చెయ్యేసి, పసిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తట్టింది. కాసేపటికి అది రెక్క ముడుచుకుని, మెడను మళ్లీ జతదానివైపు వంచింది. జంటగా నేసిన పక్షులు ఒకదానికొకటి కనపడకుండా ఉండలేవు.

ఉలిగప్ప నేల మీద కూలబడ్డాడు. "నాదే తప్పవ్వా. ఇప్పటి బండ్లు తాళం తీసినాక కాసేపు మేలుకోనుండి, బ్యాటరీ మిగలాలని ఒగొగ వైరునే ఆర్పేసి నిద్రపోతాయి. నేను మేలుకోనున్నెప్పుడు చూసి, ఇదే డైరెక్టు వైరనుకున్నా. ఈ చిలకల్ని ఎట్ల తోలేది?"

"వాలిన పక్షిని తోలకూడదప్పా. ఉంచుకో."

"గ్రీజు తువాల మీదనా?"

"వాటికి లేని రోత నీకెందుకు?" అంది నరసక్క.

ఉలిగప్ప ఆ తువాలను దులిపి తలకు చుట్టుకున్నాడు. చిలకలు నుదుటి మీదికొచ్చాయి. పక్క షెడ్డులో పంక్చర్లు వేసేవాడు చూసి, "బాగుండాయిరా మామా" అని తన పని తాను చేసుకున్నాడు.

ఈసారి ఉలిగప్ప తొందరపడలేదు. తాళం తీసి, తలుపులు మూసి, బండిని నిద్రపోనిచ్చాడు. డిక్కీ మూత మాత్రం తెరిచే ఉంచి, బోసిపోయిన రెండు చీరల్నీ వెనక సీట్లోకి మార్చి, సాయిసుధ హంసల చీర పక్కనే కాపలా కూర్చుంది. బండి బాగా నిద్రలోకి పోయాక ఒక్కొక్క వైరుకే సూది గుచ్చుతూ వచ్చాడు. ఇందాక వెలిగినదానితో సహా ఒక్కటీ వెలగలేదు.

"బ్యాటరీ నుంచి నేరుగా లాగేస్తే?" అంది సాయిసుధ.

"ఇంజనుకూ లోపలికీ మధ్య రేకుకు బొక్క కొట్టాల పాపా. వానకు నీళ్లు దిగుతాయి. ఉండు. ఎంత నిద్రపోయినా, బండిలో నిద్రపోనిది ఏదో ఒగటి ఉంటాది."

"చంటిబిడ్డ తల్లి మాదిరి" అంది ముందు సీట్లో కూర్చున్న నరసక్క. "ఇల్లంతా గుర్రు పెడతా ఉన్నా ఆమె సగం మేలుకోనే ఉంటాది."

సాయిసుధ చప్పున తల తిప్పింది. "గడియారం! అన్నా, పాటల పెట్టెలో గడియారం. రాత్రంతా బండి ఆపేసి పొద్దున తాళం తిప్పితే టైము సరిగ్గానే చూపిస్తాది. నిద్రపోయుంటే ఎట్ల తెలుస్తాది దానికి?"

ఉలిగప్ప నుదుటి మీద, చిలకల పక్కన, అరచేత్తో కొట్టుకున్నాడు. పాటల పెట్టెను బయటికి లాగితే దాని వెనక పసుపుపచ్చ వైరు. సూది గుచ్చాడు. దీపం వెలిగింది. గుచ్చి పట్టుకునే ఉన్నాడు. ఎండ షెడ్డు రేకు దాటి ఇవతలికొచ్చింది, రోడ్డు మీద గొర్రెల మంద పోయింది, టీ వచ్చింది, గ్లాసులు తిరిగిపోయాయి. దీపం వెలుగుతూనే ఉంది.

"చిన్న లైటే గాబట్టి బ్యాటరీకి బరువుండదు" అంటూ ఆ వైరుకు ఒక ఫ్యూజు తగిలించి, అక్కణ్నుంచి డిక్కీ దాకా తీగ లాగాడు. డిక్కీ లోపల పక్కన గుండ్రటి స్విచ్చు ఒకటి బిగించాడు.

"ఆరకూడదంటే స్విచ్చెందుకప్పా?" అంది నరసక్క.

"లైటన్నాక స్విచ్చుండాల గదవ్వా" అన్నాడు ఉలిగప్ప. అంతకుమించి ఆయన దాని గురించి ఆలోచించలేదు. నరసక్క మాత్రం హిందూపురం దాకా ఆలోచిస్తూనే ఉంది. ఆమె ఎరిగిన చీకటి ఎప్పుడూ తనంతట తానే వచ్చేది, గాలితోనో కరెంటు కోతతోనో. మనిషి వేలికింద ఒదిగి కూర్చున్న చీకటిని ఆమె చూడడం ఇదే మొదలు.

హిందూపురం చేరేసరికి ఎండ బాగా ఉంది. డిక్కీ తెరిస్తే లైటు వెలుగుతోంది, హంసలు రెండూ కుదురుగా ఉన్నాయి. సాయిసుధ ఎగిరి గంతేసి, "నేను పోయి రాజులన్నకు చెప్తా, నువ్వు ఈడనే ఉండవ్వా, మెట్లు ఎక్కలేవు" అని అంగట్లోకి పరిగెత్తింది.

అంగడి మెట్ల పక్కన, నీడ కూడా సరిగా లేనిచోట, ఒకామె గుడ్డసంచి పట్టుకుని నిలబడి ఉంది. బోసి నుదురు, బోసి చేతులు. ఇంతలో లోపల్నుంచి పెళ్లికూతురు కాబోలు, ఒక పిల్ల గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మా, నువ్వూ రా. నువ్వు చూడకుంటే నేనేం చూసేది?"

"పో రాధికా, మీ మేనత్త ఉండాది గదా."

"రాధికా!" అని లోపల్నుంచి ఇంకో ఆడగొంతు పిలిచింది. "మీయమ్మకు తెలీదా యాడ నిలబడాల్నో? నువ్వు రా." ఆ గొంతులో కోపం లేదు. అలవాటు ఉంది. పిల్ల ఒక క్షణం ఆగి, కళ్లు దించుకుని లోపలికి పోయింది.

"నీ పేరేందమ్మా?" అంది నరసక్క.

"నాగమ్మ. మాది పరిగి పక్కన. బిడ్డ పెండ్లికి హంసల చీర చెప్పినాము."

"పెండ్లి చీర నువ్వు చూసుకోవద్దా?"

"మగడు పోయినదాన్ని, ఎట్ల ముట్టుకుంటానవ్వా? మా ఆడబిడ్డే ముందర పడి అంతా చేస్తాండాది. మంచిదే పాపం." నాగమ్మ కళ్లు డిక్కీలోని పట్టు మీదికి పోయి, మళ్లీ వెనక్కొచ్చాయి. "పట్టు నాకు కొత్తేం కాదులే. పట్టుపురుగుల్ని మేపి బిడ్డను సాకినా. అర్ధరాత్రి లేచి ఆకేసేదాన్ని. పురుగులు ఆకు తింటాంటే వాన పడినట్టుంటాది చప్పుడు. ఆ చప్పుడుకే నిద్రపోయేది నా బిడ్డ."

"పెండ్లినాడు యాడ కూర్చుంటావు?"

"వంటల కాడ. పని శానా ఉంటాది గదా" అని నవ్వింది నాగమ్మ. సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. పైకి కొత్త చీర కనిపిస్తోంది. గంధం రంగు. అంచు లేదు, పువ్వు లేదు.

"ఆ పొద్దు కట్టుకునేదానికా?"

"ఊ."

నరసక్క చేతి మీదుగా ఎన్ని పెళ్లిచీరలు మగ్గం దిగాయో ఆమెకే లెక్క లేదు. అవన్నీ పీటలెక్కాయి. తన మగడు పోయినప్పట్నుంచీ తాను మాత్రం ఏ పెళ్లికి పోయినా వెనక వరసలోనే, స్తంభం చాటునే. ఇంతకాలం దాన్ని గురించి ఆమె ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఈ ఎండలో, ఈ తల్లి ముందర, ఏదో అనుకోవాలనిపించింది.

"ఎండకు సంచి మోసుకుని నిలబడినావు. ఈడ పెట్టమ్మా" అంది.

నాగమ్మ సంచిని డిక్కీలో హంసల చీర పక్కన పెట్టి, చేతులు దులుపుకుని నాలుగడుగులు దూరంగా జరిగింది.

నరసక్క వేలు స్విచ్చు మీద ఆనింది. రెండు హంసలూ పోతే చీర బోసి అవుతుంది, మగ్గం పోతుంది. ఒక్కటీ లేవకపోతే ఏమీ కాదు, అంతా బాగానే ఉంటుంది, నాగమ్మ వంటల దగ్గర కూర్చుంటుంది. లోపల్నుంచి సాయిసుధ నవ్వు వినిపిస్తోంది. నరసక్క పుట్టిన కాడి నుంచీ చేయని పని చేసింది. లైటు ఆర్పి, మూత దించి, దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రేకు కింద, తన అరచేతుల కింద, ఏదో బరువుగా కదిలింది. ఒక రెక్క విప్పిన చప్పుడు. ఒకటే. నరసక్క మూత ఎత్తి స్విచ్చు నొక్కింది.

పెళ్లిచీర కొంగు మీద ఒక హంస. సంచిలోని గంధం రంగు చీర మీద, ఇంకా రెక్కలు సర్దుకుంటూ, ఇంకొక హంస.

అప్పుడే గోవిందరాజులు మెట్లు దిగివచ్చాడు. వెనకే సాయిసుధ, రాధిక, రాధిక మేనత్త.

"అయ్యో, అవ్వా! మళ్లీ ఆరిపోయెనా లైటు?"

"ఆరిపోలేదు నాయనా. నేనే ఆర్పినా."

గోవిందరాజులు ఒకసారి చీరను, ఒకసారి సంచిని, ఒకసారి ముసలామెను చూశాడు. నాగమ్మ సంచి లాక్కోబోయి, "నేనేం చేయలేదు, నేను ముట్టుకోలేదు" అంటోంది.

రాధిక తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. గంధం రంగు చీరను బయటికి తీసి, పెళ్లిచీర కొంగు పక్కన పరిచింది. హంసలు రెండూ మెడలు వంచి ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

అందరి చూపూ మేనత్త మీదికి పోయింది. ఆమె దగ్గరికొచ్చి ఈ చీర మీది హంసను, ఆ చీర మీది హంసను వంగి చూసింది. జంట పక్షుల సంగతి అంగట్లో చీర కొన్న ప్రతి ఆడమనిషికీ తెలిసిందే. ఒకదానికొకటి కనపడనంత దూరం పెడితే రెండిట్లో జరీ నల్లబడుతుంది. పెళ్లికూతురి కొంగు నల్లబడితే ఏ ఇంటివాళ్లూ ఓర్చుకోరు.

"జంటనైతే దూరం పెట్టకూడదు" అంది చివరికి, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "పసుపు కాడి నుంచి అప్పగింతల దాకా కంటికి ఆనేటట్టు ఉండాల. అంటే వదినా, నువ్వు పీటల పక్కనే కూర్చోవాల్సొస్తాది. వంటల కాడికి ఇంగెవురినన్నా పెడదాంలే."

నాగమ్మ సంచిని మడిచి చంకన పెట్టుకుంది.

"మాకు ఈ చీరే కావాల" అంది రాధిక గోవిందరాజులుతో.

ఆయన సరేనని తలూపాడు. నరసక్క దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా వంగి, "అవ్వా, శ్రావణంలో మా చెల్లెలు కూతురి పెండ్లుండాది. ఇంకొక హంసల జంట నేస్తావా?" అని, కొంచెం ఆగి, "చెల్లెలు కూడా... ఆమెక్కూడా మగడు లేడు. నువ్వే తీసుకురావాల, ఈ బండిలోనే" అన్నాడు.

"చేతులున్నంతకాలం నేస్తా నాయనా" అంది నరసక్క.

"లోపల కూర్చుని రవికగుడ్డలు చూద్దాం రాండి, ఎండ" అంది మేనత్త. అందరికంటే ముందు తానే మెట్లెక్కింది. గుమ్మం దగ్గర విడిచిన తన చెప్పులు దారికి అడ్డంగా ఉన్నాయి. ఆమె వాటిని కాలితో గోడ పక్కకు జరిపి, వెనక్కి తిరిగి, నాగమ్మ ఎక్కేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.